రోజూ వెళ్లే దారిని రోజూ చూడాలి

బస్సు, లారీ, ఆటో, క్యాబ్, స్కూలు వ్యాను నడిపేవారికీ, రోజూ ఒకే రోడ్డు మీద పనికి వెళ్లి వచ్చేవారికీ కొన్ని సూచనలు

ఒకే ఊరికి రెండు బస్సులు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని డ్రైవర్ ఆ రూటులో పదేళ్లుగా తిరుగుతున్నాడు. ఇంకొకతనికి ఇవాళే ఆ రూటులో డ్యూటీ పడింది. ఏ బస్సు ఎక్కుతారని అడిగితే అందరూ మొదటిదే అంటారు. అది సరైన ఎంపికే. ఏ మలుపు ఎంత వంపు తిరుగుతుందో, ఏ స్పీడ్ బ్రేకర్ మీద తెల్లగీతలు చెరిగిపోయాయో, ఏ కల్వర్టు దగ్గర రోడ్డు సన్నబడుతుందో పాత డ్రైవర్‌కు తెలుసు. అయితే ఆ తెలిసినతనం వెంట ఒక ప్రమాదం కూడా నడుస్తూ ఉంటుంది. దారి బాగా తెలిసినకొద్దీ మన కళ్లు ఆ దారిని తక్కువగా వెతుకుతాయి. ఎదురుగా ఉన్నదాన్ని చూడటం మాని, ఉంటుందనుకున్నదాన్నే చూస్తాయి. ఈ సంగతి ప్రతి డ్రైవర్‌కూ, ప్రతి డిపోకూ, బండి మీద బతికే ప్రతి ఇంటికీ తెలియాలి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రమాదం జరిగాక పోలీసు కాగితాల్లో సాధారణంగా ‘అతివేగం, అజాగ్రత్త’ అనే మాటలు పడతాయి. ఆ అజాగ్రత్త అన్నదాంట్లో చాలా రకాలున్నాయి. తాగి నడపడం ఒక రకం, ఫోను చూస్తూ నడపడం ఇంకో రకం. ఏ తప్పూ చేస్తున్నట్టు అనిపించకుండానే, కళ్లు తెరుచుకునే ఉండి, రోడ్డు మీదే చూపు ఉండి కూడా ఎదురుగా వచ్చినదాన్ని గుర్తించకపోవడం మూడో రకం. పని బాగా తెలిసిన, బుద్ధిగా బతికే డ్రైవర్లకు పొంచి ఉన్న ముప్పు ఈ మూడోదే. దీన్ని తిట్టి మాన్పించలేం. కన్ను ఎలా పనిచేస్తుందో తెలుసుకుని, దానికి తగిన అలవాట్లు చేసుకోవాలి.

కన్ను చూసేది కొంచెమే

చేయి బారుగా చాచి బొటనవేలి గోరు వంక చూడండి. మన కంటికి అక్షరాలు చదవగలిగినంత స్పష్టంగా కనిపించే మేర దాదాపు అంతే. మిగతాదంతా మసగ్గా తెలుస్తుంది. అక్కడ ఏదైనా కదిలితే పసిగడతాం గానీ అదేమిటో తెలియాలంటే చూపును అటు తిప్పాల్సిందే. అందుకే కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతూ ఉంటుంది. ఆ దూకే క్షణాల్లో మెదడు చూపును దాదాపుగా ఆపేస్తుంది. ఇన్ని ముక్కలను అతికి, రోడ్డంతా ఒకేసారి చూస్తున్నామన్న భావన మనకు కలిగించేదీ మెదడే.

ఆ అతుకులు వేయడానికి మెదడు జ్ఞాపకాన్ని వాడుకుంటుంది. కరెంటు పోయినప్పుడు మన ఇంట్లో చీకట్లోనే అగ్గిపెట్టె ఉన్న గూటి దాకా నడిచిపోతాం. దారిలో ఎవరైనా స్టూలు అడ్డంగా పెట్టి ఉంటేనే కాలికి తగులుతుంది. తెలిసిన రోడ్డు మీద పట్టపగలు జరిగేది కూడా కొంతవరకు ఇదే. నిన్నా మొన్నా చూసిన రోడ్డు మెదడులో ఉంది కాబట్టి, ఇవాళ్టి రోడ్డును అంతగా చూడనవసరం లేదని అది తీర్మానించుకుంటుంది.

60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 80లో 22 మీటర్లు. చూపు అర సెకను ఆలస్యంగా పడిందంటే, 60లో కూడా బ్రేకు మీద కాలు పడేలోపే రెండు కార్ల పొడవంత దూరం ముందుకు వెళ్లిపోయి ఉంటాం.

దారి అలవాటైతే చూపులో వచ్చే మార్పు

ఈ విషయం మీద యాభై ఏళ్లకు పైగా పరిశీలనలు జరుగుతున్నాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన మౌరెంట్, రాక్‌వెల్ అనే పరిశోధకులు డ్రైవర్ల కంటి కదలికలను కెమెరాతో నమోదు చేసి 1970లో ఫలితాలు ప్రచురించారు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక దారిలో మొదటిసారి వెళ్లినప్పుడు డ్రైవర్ల చూపు ముందున్న దృశ్యమంతా విశాలంగా తిరిగింది. అదే దారి అలవాటైనకొద్దీ చూపు తిరిగే మేర చిన్నదవుతూ వచ్చింది.

నెదర్లాండ్స్ పరిశోధకులు మార్టెన్స్, ఫాక్స్ 2007లో మరో అడుగు ముందుకు వేశారు. బండి నడిపినట్టే అనిపించే డ్రైవింగ్ సిమ్యులేటర్ అనే యంత్రంలో ఒకే దారిని పదే పదే నడిపించారు. నడిపినకొద్దీ ట్రాఫిక్ బోర్డుల మీద చూపు నిలిచే సమయం తగ్గిపోయింది. ఆ తర్వాత చెప్పకుండా ఒక కూడలిలో ముందు ఎవరు వెళ్లాలన్న నియమాన్ని, దాని బోర్డును మార్చారు. చాలామంది ఆ మార్పుకు తగినట్టు స్పందించలేకపోయారు. బోర్డు దాచిపెట్టింది కాదు, కళ్లెదుటే ఉంది. పాత బోర్డే ఉంటుందని మెదడు ముందే నిశ్చయించుకుంది.

కెనడాలో యాంకో, స్పాలెక్ 2013లో ప్రచురించిన ప్రయోగం మన వృత్తికి ఇంకా దగ్గరగా ఉంటుంది. దారి బాగా తెలిసిన వారు, ముందు వెళ్తున్న కారు బ్రేకు వేసినప్పుడు దారి తెలియని వారికంటే ఆలస్యంగా స్పందించారు. రోడ్డు మీదికి వచ్చిన పాదచారిని గుర్తించడంలోనూ అంతే. పైగా తెలిసిన దారిలో ముందున్న బండికి మరింత దగ్గరగా నడిపారు. ఖాళీ తగ్గడం, స్పందన ఆలస్యం కావడం రెండూ కలిస్తే ఏమవుతుందో డ్రైవర్‌కు వేరే చెప్పనక్కర్లేదు.

‘నేను అటే చూస్తున్నాను సార్, బండి ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు’ అని ప్రమాదం తర్వాత డ్రైవర్లు చెబుతుంటారు. వినేవాళ్లు అబద్ధమనుకుంటారు. అది నిజమే అయ్యుండవచ్చు. చూపు పడటం వేరు, గుర్తించడం వేరు. 2013లో అమెరికాలో స్కాన్లు చదివే డాక్టర్లు, అంటే రేడియాలజిస్టులు, 24 మందికి ఊపిరితిత్తుల స్కాన్లు ఇచ్చి గడ్డలు వెతకమన్నారు. ఆ చిత్రాల్లో ఒకచోట గొరిల్లా బొమ్మ పెట్టారు. 20 మందికి అది కనిపించలేదు. వారిలో చాలామంది కళ్లు సరిగ్గా ఆ బొమ్మ ఉన్నచోటికే వెళ్లాయని కంటి కదలికల నమోదులో తేలింది. వాళ్లంతా తమ పనిలో నిపుణులు. దేన్ని వెతుకుతున్నారో అదే వారికి కనిపించింది. నైపుణ్యం ఉన్నవాళ్లు కూడా ఎదురుచూడని వస్తువును చూడలేకపోతారు. అందుకే ‘నాకు ఇరవై ఏళ్ల సర్వీసు’ అన్న ధైర్యం ఒక్కటే చాలదు.

అలవాటు మనకు పెట్టుబడి

ఇదంతా చదివి అలవాటు చెడ్డదనుకోవద్దు. న్యూజిలాండ్‌లో వైకాటో విశ్వవిద్యాలయానికి చెందిన చార్ల్‌టన్, స్టార్కీ వారాల తరబడి కొందరితో సిమ్యులేటర్‌లో ఒకే రోడ్డు నడిపించారు. కొన్నాళ్లకు వారి వేగంలో, లైనులో నిలకడ వచ్చింది. వెతకమని చెప్పిన ఒక రకం కారును గుర్తించడంలో మెరుగుపడ్డారు కూడా. అదే సమయంలో రోడ్డు పక్కన జరిగిన చాలా మార్పులు వారి దృష్టికి రాకుండా పోయాయి. అంటే అలవాటు వల్ల కన్నుకు, మెదడుకు కొంత పని తగ్గుతుంది. ఆ తగ్గిన పనిని దేనికి వాడామన్నదే అసలు సంగతి. వెతకడానికి ఒక పని అప్పగిస్తే కన్ను వెతుకుతుంది. ఏ పనీ ఇవ్వకపోతే ఆ ఖాళీలోకి ఇంటి అప్పు, పిల్లల ఫీజు, డిపోలో జరిగిన మాటామాటా వచ్చి కూర్చుంటాయి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. తెలిసిన దారి మనకు మిగిల్చే శ్రద్ధను వృథా పోనివ్వకండి. దాన్ని, ఇవాళ ఏం మారిందో వెతకడానికి ఖర్చు పెట్టండి.

ఇంటి దగ్గరే ప్రమాదాలు ఎక్కువని ఒక మాట తరచుగా వింటుంటాం. ఎక్కువగా తిరిగేది అక్కడే కాబట్టి లెక్కలో ఎక్కువ కనిపించడం సహజం. దాన్నిబట్టి తెలిసిన రోడ్డు తెలియని రోడ్డుకంటే ప్రమాదకరమని తేల్చలేం. కానీ బతుకులో ఎక్కువ కిలోమీటర్లు ఆ రోడ్డు మీదే గడుస్తాయి కాబట్టి, అక్కడ సరిదిద్దుకున్న చిన్న అలవాటు కూడా ఎక్కువమందిని కాపాడుతుంది.

మన రోడ్ల మీద రోజూ మారేవి

పరిశోధకులు సిమ్యులేటర్‌లో ఒక బోర్డు మారిస్తేనే డ్రైవర్లు తడబడ్డారు. మన రోడ్లు వారం వారం మారతాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిని తీసుకోండి. చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ అంటూ కళ్లు మూసుకుని పేర్లు చెప్పగల డ్రైవర్లు వేలల్లో ఉంటారు. ఒక అండర్‌పాస్ పని మొదలైతే నిన్న నేరుగా పోయిన చోట ఇవాళ సర్వీసు రోడ్డులోకి దిగాలి. డివైడర్‌లో కొత్తగా ఒక సందు తెరిస్తే అక్కడి నుంచి ట్రాక్టర్లు అడ్డంగా వస్తాయి. పాత సందు మూసేస్తే బైకులు దగ్గరి దారి కోసం రాంగ్ రూటులో ఎదురొస్తాయి.

కాలాన్నిబట్టి వచ్చే మార్పులు వేరే. వరి కోతలప్పుడు రోడ్డు మీద ఒక పక్క వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు. సాయంత్రం దాటాక ఆ రాళ్లు కనిపించవు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ చీకట్లో నెమ్మదిగా పోతుంటుంది. వానాకాలం రాత్రుళ్లు గేదెలు, ఆవులు తారు రోడ్డెక్కి పడుకుంటాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పొగమంచు. సంక్రాంతి ముందు ఇదే రోడ్డు మీద, ఏడాదికి ఒకసారి దూరప్రయాణం చేసేవాళ్ల కార్లు బారులు తీరతాయి. వాళ్లు ఎక్కడ బ్రేకు వేస్తారో, ఎక్కడ పక్కకు ఆపుతారో మీ అనుభవం చెప్పలేదు. ఊళ్లలో సంత రోజు, పట్టణాల్లో వినాయకుడి మండపాలు, జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారం, పెళ్లి ఊరేగింపు, పంచరై రోడ్డు మీదే ఆగిన లారీ, ఇవన్నీ మీరు ‘ఖాళీగా ఉంటుంది’ అని గుర్తుపెట్టుకున్న చోటనే ఉంటాయి.

రోడ్డులో మలుపులు, కల్వర్టులు, వంతెనల్లాంటివి మారవు. మనుషులు, పశువులు, బళ్లు, పనులు మారుతూ ఉంటాయి. మారనివాటిని జ్ఞాపకానికి వదిలేయవచ్చు. మారేవాటిని మాత్రం కంటితోనే చూడాలి.

1. బయలుదేరే ముందు ఒక ప్రశ్న అడగండి

టైర్లు, ఆయిలు, లైట్లు చూసుకున్నాక, తాళం తిప్పే ముందు ‘ఇవాళ నా దారిలో కొత్తగా ఏముంది?’ అని మిమ్మల్ని మీరు అడగండి. వారం ఏమిటి, సంత ఎక్కడ, బడి ఉందా సెలవా, రాత్రి వాన పడిందా, ఎక్కడైనా రోడ్డు పని జరుగుతోందా? ఎదురు డ్యూటీ చేసి వచ్చిన డ్రైవర్‌ను పలకరించండి. ‘అన్నా, దారిలో ఏమైనా ఉందా?’ అన్న ఒక్క మాట చాలు. ‘బ్రిడ్జి దిగినాక ఎడమపక్క లారీ ఆగి ఉంది తమ్ముడూ’ అని అతను చెప్పాడంటే మీ కన్నుకు వెతకాల్సిన పని దొరికినట్టే. ముందే ఎదురుచూస్తున్న వస్తువు కంటికి త్వరగా చిక్కుతుంది.

2. రూటులో చోట్లు గుర్తు పెట్టుకోండి

మీ దారిలో ప్రమాదానికి ఆస్కారమున్న చోట్లను ఏడెనిమిది ఎంచుకోండి. బడి గేటు, కల్లు కాంపౌండు మలుపు, డివైడర్ సందు, సర్వీసు రోడ్డు వచ్చి కలిసే చోటు, ఊరి మొదటి ఇల్లు, పెట్రోలు బంకు లోపలికీ బయటికీ దారి, రైల్వే గేటు. ఒక్కో చోట మీరు వెతకాల్సింది ఏమిటో ముందే నిర్ణయించుకోండి. బడి దగ్గర ఆగిన ఆటో వెనక నుంచి వచ్చే పిల్లలను. బంకు దగ్గర హైవే ఎక్కబోతున్న లారీ ముందు చక్రాలను. సందు దగ్గర డివైడర్ మొక్కల మీదుగా కనిపించే హెల్మెట్టును, ట్రాక్టరు డ్రైవర్ తలను. ఊరికే ‘జాగ్రత్తగా చూడాలి’ అనుకుంటే ఆ శ్రద్ధ కాసేపటికే చెదిరిపోతుంది. ఫలానా చోట ఫలానాది వెతకాలి అనుకుంటే నిలబడుతుంది. రెండు మూడు నెలలకోసారి ఈ చోట్లను మళ్లీ ఆలోచించి మార్చుకోండి. లేకపోతే ఇదీ మొక్కుబడిగా మారుతుంది.

3. నోటితో చెప్పండి

రైలింజనులో లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ ఇద్దరూ సిగ్నల్ కనిపించగానే దాని రంగును పైకి చెప్పుకుంటారు. రోజూ వెళ్లే లైనే, ఏ సిగ్నల్ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. అయినా చెప్పాలి. జపాన్ రైల్వేలో వేలు చూపించి మరీ పైకి చెప్పే పద్ధతి ఉంది. 1990లలో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ చేసిన పరీక్షలో, ఒక సాదా పనిలో వేలు చూపి పైకి చెప్పినప్పుడు తప్పులు దాదాపు ఆరో వంతుకు తగ్గాయి. బ్రిటన్ పోలీసు డ్రైవర్ల శిక్షణలో కూడా, కనిపించినదాన్ని నడుపుతూనే మాటల్లో చెప్పించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. లారీలో ఎడమవైపు కూర్చుని చెబుతుండే క్లీనర్, బస్సులో ‘హోల్డాన్’, ‘రైట్ రైట్’ అనే కండక్టర్ చేసే పని ఇదే. ఒంటరిగా ఉన్నా మీరు ఎంచుకున్న చోట్లలో మాత్రం మెల్లగా పైకి చెప్పండి. ‘ఎడమ ఆటో ఆగింది, వెనక మనిషి ఉండొచ్చు’, ‘ముందు లారీ బ్రేకు లైటు’, ‘సందులో బైకు’. దారంతా మాట్లాడనక్కర్లేదు. అలా చేస్తే అలసట వస్తుంది. ప్రమాదపు చోట్లలో చెబితే చాలు. నోటితో చెప్పాలంటే ముందు కన్ను దాన్ని నిజంగా చూడాలి.

4. కూడలిలో చూపును తొందరపెట్టకండి

పక్క రోడ్డు నుంచి ఎడమకు తిరిగి మెయిన్ రోడ్డు ఎక్కేటప్పుడు మన చూపంతా కుడివైపే ఉంటుంది. బళ్లు రావాల్సింది అటు నుంచే కదా. ఎడమ నుంచి రాంగ్ రూటులో వచ్చే బైకు, రోడ్డు దాటుతున్న ముసలమ్మ ఆ చూపుకు అందరు. రోడ్డుకు కుడివైపు నడిపే ఫిన్లాండ్‌లో ఇదే పొరపాటు అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపించింది. హెల్సింకీలో సుమాలా బృందం 1996లో ప్రచురించిన పరిశీలనలో, కుడికి తిరిగే డ్రైవర్లు కార్లు వచ్చే ఎడమవైపే చూస్తూ, కుడి నుంచి వచ్చే సైకిళ్లను వదిలేశారు. ప్రమాదం రోజూ వచ్చే వైపును కన్ను కనిపెట్టుకుని ఉంటుంది, రెండో వైపును వదిలేస్తుంది.

అందువల్ల కుడి, ఎడమ, మళ్లీ కుడి, కదిలే క్షణంలో మరోసారి ఎడమ. ప్రతిసారీ చూపు ఏదో ఒక వస్తువు మీద ఆగాలి. తల ఊరికే అటూ ఇటూ తిప్పితే కన్ను దూకే క్షణాల్లో బైకు మాయమవుతుంది. మరొక సంగతి కూడా ఉంది. ముందు అద్దానికి పక్కనున్న పిల్లరు, పెద్ద బళ్లలో సైడు అద్దం, ఒక బైకును పూర్తిగా దాచగలవు. మనతో ఢీకొనే దారిలో మారని వేగంతో వస్తున్న బండి మన ముందు అద్దంలో ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది, పక్కకు జరగదు. పిల్లరు వెనక పడితే చివరిదాకా అక్కడే దాగి ఉంటుంది. కాబట్టి సీటులో కాస్త ముందుకూ వెనక్కూ వంగి చూసి, అప్పుడు కదలండి.

5. ఖాళీ కొలిచి ఉంచండి

తెలిసిన రోడ్డు మీద వేగం తెలియకుండానే పెరుగుతుంది, ముందు బండికి దూరం తగ్గుతుంది. దీన్ని అంచనాకు వదలకండి. ముందున్న బండి ఒక కరెంటు స్తంభం దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు’ అని లెక్కపెట్టండి. లెక్క పూర్తి కాకముందే మీరు ఆ స్తంభం చేరితే చాలా దగ్గరగా ఉన్నట్టు. కారుకు, బైకుకు కనీసం రెండు సెకన్లు. 60 వేగంలో అది 33 మీటర్లు. బస్సుకు, లోడు లారీకి, వాన రోడ్డుకు అంతకంటే బాగా ఎక్కువ ఉంచండి. ఖాళీలో ఎవరో దూరతారని అంటారు. దూరితే మళ్లీ కాస్త వెనక్కి తగ్గండి. మీ కన్ను అర సెకను ఆలస్యం చేసినా ఆ దూరం మిమ్మల్ని కాపాడుతుంది.

అద్దాల సంగతి కూడా ఇంతే. లేను మారేటప్పుడు, బ్రేకు వేసే ముందు, స్టాపు నుంచి కదిలేటప్పుడు తప్పకుండా చూడండి. తెలిసిన దారిలో మొదట తగ్గిపోయే చూపు ఇదేనేమో మీరే గమనించుకోండి.

6. ‘ఇంత దూరం ఎప్పుడొచ్చాను?’ అనిపిస్తే

ఒక ఊరు దాటిన జ్ఞాపకమే లేకుండా తర్వాతి ఊరు రావడం చాలామందికి అనుభవమే. అది జరిగిందంటే మనసు ఎక్కడో ఉండి, బండిని అలవాటు నడిపిందన్నమాట. వెంటనే వేగం కాస్త తగ్గించండి, అద్దం దించండి, ముందున్న మూడు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. అది రెండోసారి జరిగితే బండి ఆపి దిగండి. మొహం కడుక్కుని, టీ తాగి, కాసేపు నడిచి మళ్లీ ఎక్కండి. నిద్ర ముంచుకొస్తుంటే టీ సరిపోదు, పడుకోవాలి.

ఈ సంగతిని చట్టం ఎప్పుడో గుర్తించింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. వరసగా 5 గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉండేది. విశ్రాంతి అడగడం బద్ధకం కాదు. అలసిన మనిషి చూపు తెలిసిన రోడ్డు మీద అందరికంటే ముందు మందగిస్తుంది.

కొత్త రూటు పడినప్పుడు

కొత్త దారిలో చిక్కు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. కన్ను అన్నీ చూడబోతుంది. ఊరి బోర్డులు, మలుపులు, ఫోనులో మ్యాపు, స్టాపులు, అన్నీ ఒకేసారి. ముఖ్యమైనది ఆ గందరగోళంలో తప్పిపోతుంది. వీలైతే ముందురోజు ఆ రూటు తెలిసిన డ్రైవర్ పక్కన కూర్చుని ఒకసారి వెళ్లి రండి. మ్యాపును బండి ఆగి ఉన్నప్పుడే పెట్టుకుని, గొంతు వినిపించేలా ఉంచండి. వేగం తగ్గించండి. మలుపు తప్పిపోతే ముందుకెళ్లి తిరిగి రండి. హైవే మీద వెనక్కి రావడం, ఉన్నట్టుండి అడ్డం తిరగడం ప్రాణాల మీదికి తెస్తాయి.

పాత డ్రైవర్లకు ఒక విన్నపం. కొత్తవాళ్లకు రూటు చూపించేటప్పుడు మలుపులూ స్టాపులూ మాత్రమే చెప్పకండి. ‘ఇక్కడ నేను ఇటు చూస్తాను, ఎందుకంటే పొద్దున పాల బళ్లు ఇటు నుంచి వస్తాయి’ అని చూపు ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో చెప్పండి. మీ ఇరవై ఏళ్ల సర్వీసులో నిజంగా విలువైనది అదే. చెబుతున్నప్పుడు మీరు మరిచిపోయినవి మీకూ గుర్తుకొస్తాయి.

డిపోలు, యజమానులు చేయవలసినవి

డ్రైవర్ ఒక్కడి మీదే భారం పెట్టడం న్యాయం కాదు. దారిలో మార్పులు అతనికంటే ముందు ఆఫీసుకు తెలిసే అవకాశం ఉంటుంది. డిపోలో, స్కూలు బస్సుల షెడ్డులో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, డ్యూటీ చార్టు పక్కనే ఒక బోర్డు పెట్టండి. రోడ్డు పనులు, డైవర్షన్లు, జాతరలు, సంతలు, ఆగిపోయిన బళ్లు, ఇవాళ్టివి ఇవాళే రాయండి. నిన్నటివి చెరిపేయండి. పాతవి అలాగే ఉంటే ఆ బోర్డును కూడా ఎవరూ చూడరు. డ్యూటీ దిగిన డ్రైవర్ తాను చూసినదాన్ని రాసే వీలు ఉండాలి. డ్రైవర్లకు వాట్సాప్ గ్రూపు ఉంటే అందులో బయలుదేరే ముందు చదువుకునేలా పంపండి, నడుపుతున్నప్పుడు ఫోన్ చేయకండి.

తృటిలో తప్పిన ప్రమాదాల గురించి డ్రైవర్లు భయపడకుండా చెప్పుకునే వాతావరణం కల్పించండి. ‘బైకు కనిపించలేదు, కొద్దిలో తప్పింది’ అని చెప్పిన మనిషికి మెమో ఇస్తే, రేపటి నుంచి ఎవరూ ఏమీ చెప్పరు. అదే మాట విని ఆ చోటును బోర్డు మీదికి ఎక్కిస్తే తర్వాతి డ్రైవర్ కన్ను అక్కడ వెతుకుతుంది. స్కూలు వ్యాన్ల యజమానులు, తల్లిదండ్రులు కూడా సమయం కోసం డ్రైవర్‌ను తరమకండి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే బడిలో చెప్పుకోవచ్చు.

ఈ సూచనలన్నీ ఒక్కరోజులో అమలు చేయనక్కర్లేదు. రేపు ఉదయం డ్యూటీలో మీ దారిలోని ఒక్క చోటును ఎంచుకోండి. అక్కడ ఏం వెతకాలో నిర్ణయించుకుని, చూసినదాన్ని పైకి చెప్పండి. వారం తర్వాత రెండో చోటు కలపండి. మూడు నెలల్లో మీ రూటంతా మీకు ఇప్పటికంటే బాగా తెలుస్తుంది. అప్పుడు కొత్త డ్రైవర్‌ను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చోట్లన్నీ అతనికి అప్పగించండి.